హౌస్‌ఫుల్ అయినా... హుండీ ఖాళీ!

సంగీత విభావరి అదిరిపోయింది. సీట్లన్నీ నిండాయి. చప్పట్లతో హాలు మోగిపోయింది. తీరా మర్నాడు లెక్క చూసుకుంటే... పిల్లల ఆశ్రమానికి మిగిలింది అప్పు! ఒక మంచి పని కోసం నిధులు పోగుచేసే సాయంత్రాలు ఎందుకిలా తయారవుతాయి? పెట్టిన ప్రతి రూపాయీ చేరాల్సినచోటికి చేరాలంటే ఏం చేయాలి? దశాబ్దాలుగా సాయం అందుకుని, ఇప్పుడు తనూ సాయం చేస్తున్న కరువు సీమ అనంతపురాన్ని అడిగితే చాలా సంగతులే చెబుతుంది.

అనంతపురం పల్లెల్లో చాలా ఇళ్లలో ఒక చిన్న హుండీ కనిపిస్తుంది. గుడిలో ఉండే హుండీ కాదు. పిల్లలు దాచుకునే కిడ్డీ బ్యాంకూ కాదు. గ్రామీణాభివృద్ధి సంస్థ... అదే, అందరూ ఆర్డీటీ అని పిలుచుకునే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ ఇచ్చిన హుండీ అది. కూలికి వెళ్లొచ్చిన రోజు రెండు రూపాయలో ఐదు రూపాయలో అందులో పడతాయి. ఆ డబ్బు తమకంటే కష్టంలో ఉన్నవాళ్ల కోసం. 'ఇండియా ఫర్ ఇండియా' అని ఆ కార్యక్రమానికి పేరు పెట్టారు.

వింతేమిటంటే, ఆ హుండీ ఉన్న ఇళ్లలో చాలావరకు ఒకప్పుడు ఎవరో దూరదేశపు దాత పంపిన డబ్బుతో లబ్ధి పొందినవే. ఒక ఇంటికి ఇల్లే అలా వచ్చి ఉంటుంది. మరో ఇంట్లో అమ్మాయి చదువు అలా సాగి ఉంటుంది. సాయం తీసుకున్న చెయ్యి సాయం చేసే చెయ్యిగా మారడమన్నది మాటల్లో తేలికే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షం కూడా గ్యారంటీ లేని నేల మీద, వేరుశనగ పంట నాలుగేళ్లకోసారి చేతికొస్తే గొప్ప అనుకునేచోట అది జరగడమే విశేషం.

ఆ హుండీకి పెద్ద వేదిక లేదు. లైట్లు లేవు. యాంకరమ్మ లేదు. ఖర్చూ దాదాపు లేదు. మరి మన ఊళ్లలో ఏటా జరిగే 'సహాయార్థం' కార్యక్రమాల మాటేమిటి?

పాత పోస్టరు మీద ఆ మాట

'ఫలానా నిధి సహాయార్థం' అన్న మాట తెలుగు నాటకాల కరపత్రాల మీద వందేళ్ల కిందటే ఉంది. తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్లారి రాఘవనే తీసుకోండి. బళ్లారిలో పేరున్న ప్లీడరు. వృత్తిలో సంపాదన పుష్కలం. అందుకే రంగస్థలాన్ని ఆయన బతుకుతెరువు చేసుకోలేదు. నాటకాల మీద వచ్చిన డబ్బును ధర్మకార్యాలకే ఇచ్చేసేవారు. ప్రధాన నటుడు పైసా తీసుకోకపోతే సహాయార్థ ప్రదర్శన లెక్క ఎంత మారిపోతుందో కాసేపట్లో చూద్దాం.

1952లో రాయలసీమను కరువు పీడించింది. ఊరూరా గంజి కేంద్రాలు వెలిశాయి. అప్పటికింకా కుర్రవాడైన ఎన్టీ రామారావు తోటి కళాకారులతో కలిసి కరువు సహాయనిధి కోసం జోలె పట్టారు. మళ్లీ పాతికేళ్లకు, 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు ఎన్టీఆర్, అక్కినేని ఇద్దరూ ఊళ్లు తిరిగి విరాళాలు సేకరించారు. ఆ తరం వాళ్లను కదిపితే ఇప్పటికీ చెబుతారు... జోలెలో చేతి గాజులు, ఉంగరాలు పడ్డ సంగతి.

ఈ రెండు సందర్భాల్లోనూ ఒక విషయం గమనించాలి. అడుగుతున్నదెవరో జనానికి తెలుసు. ఎందుకు అడుగుతున్నారో అంతకంటే బాగా తెలుసు. ఇక వేదికతో పనేముంది? జోలే వేదికైంది. ఆ రెండూ తెలియనప్పుడే మనం లైట్ల మీద, పాటల మీద ఆధారపడాల్సి వస్తుంది. తప్పు కాదు. కానీ లైట్లకు డబ్బు అవుతుంది!

అసలు లెక్క ఇదీ...

ఒక చిన్న సంస్థ ఉందనుకుందాం. వినికిడి లోపం ఉన్న పిల్లల బడి నడుపుతోంది. జిల్లా కేంద్రంలో 600 సీట్ల హాలు తీసుకుని సినీ సంగీత విభావరి పెట్టింది. టికెట్టు రూ.300. పెద్దలకు, అధికారులకు, పెద్దల బంధువులకు, ఆ బంధువుల పక్కింటివాళ్లకు కలిపి 150 పాసులు ఉచితంగా వెళ్లిపోయాయి. అమ్ముడైనవి 450. వచ్చింది రూ.1,35,000.

ఇక ఖర్చు. హాలుకు రూ.25 వేలు. మైకులు, లైట్లకు 30 వేలు. ఆర్కెస్ట్రాకు 60 వేలు. పోస్టర్లు, బ్యానర్లకు 10 వేలు. శాలువాలు, జ్ఞాపికలకు 8 వేలు. కళాకారులు, అతిథుల భోజనాలకు 12 వేలు. మొత్తం రూ.1,45,000. అంటే హాలు నిండినా పదివేలు చేతి నుంచి పడ్డాయి. ఇది ఊహించి రాసిన లెక్కే గానీ, ఇలాంటి కార్యక్రమాలు ఒక్కసారైనా నెత్తిన వేసుకున్నవాళ్లు దీన్ని చదివి నవ్వుకోరు. నిట్టూరుస్తారు.

ఇప్పుడు అదే హాలు, అవే పాటలు. కాకపోతే టికెట్టు ముద్రించకముందే కమిటీ సభ్యులు నాలుగు గుమ్మాలు తొక్కారు. హాలు యజమాని ఆ ఒక్క సాయంత్రానికి అద్దె వదులుకున్నాడు. ఆర్కెస్ట్రా ఖర్చును ఒక బట్టల దుకాణం భరించింది. అందుకు బదులుగా వేదిక మీద బోర్డు పెట్టుకుంది. ప్రెస్సాయన సగం ధరకే పోస్టర్లు వేశాడు. శాలువాలు మానేశారు. ఉచిత పాసులు 50కి మించకూడదని గట్టిగా అనుకున్నారు. అమ్ముడైన టికెట్లు 550. వచ్చింది రూ.1,65,000. ఖర్చు మైకులు, లైట్లకు 30 వేలు, పోస్టర్లకు 5 వేలు, భోజనాలకు 12 వేలు... మొత్తం 47 వేలు. బడికి మిగిలింది రూ.1,18,000!

తేడా వచ్చింది ఆ సాయంత్రం కాదు. అంతకు రెండు మూడు నెలల ముందు. నిధుల సేకరణలో ఆరితేరినవాళ్లు ఎక్కడైనా చెప్పే మొదటి మాట ఇదే. టికెట్ల డబ్బుతో ఖర్చులు గట్టెక్కిద్దామనుకోకూడదు. ఖర్చులకు ముందే దాతలను చూసుకోవాలి. టికెట్టు డబ్బు మొత్తం పనికే పోవాలి. 'మీరిచ్చే ప్రతి రూపాయీ పిల్లలకే' అని పోస్టరు మీద ధైర్యంగా రాసుకోగలిగితే టికెట్లు అమ్మడం కూడా సులువవుతుంది.

సీట్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. హాండెల్ స్వరపరిచిన ప్రఖ్యాత 'మెస్సయ్య' సంగీతరూపకం తొలి ప్రదర్శన 1742 ఏప్రిల్ 13న ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో జరిగింది. అది కూడా సహాయార్థ ప్రదర్శనే. అప్పులు తీర్చలేక జైల్లో మగ్గుతున్నవాళ్లను విడిపించడానికీ, ఆసుపత్రులకీ. ఎక్కువమంది పట్టాలని ఆడవాళ్లను గంపల్లాంటి గౌన్లు వేసుకుని రావద్దనీ, మగవాళ్లను కత్తులు పెట్టుకుని రావద్దనీ పత్రికల్లో ప్రకటన ఇచ్చారు. 600 మంది పట్టే హాల్లో 700 మంది కూర్చున్నారు. వచ్చిన డబ్బుతో 142 మంది ఖైదీలు బయటికొచ్చారు. మన దగ్గర గౌన్ల బెడద లేదు... ఉచిత పాసుల బెడద ఉంది.

శాలువాల గురించి ఒక్క మాట

నా మటుకు నాకు సహాయార్థ కార్యక్రమాల్లో అతి ఖరీదైన వస్తువు శాలువా అనిపిస్తుంది. దాని ధర వల్ల కాదు. అది తినే సమయం వల్ల. ఇరవై మందికి సన్మానం, ఇరవై మందీ చెరో నాలుగు మాటలు... తొమ్మిదిన్నర దాటుతుంది. పిల్లలు నిద్రపోతారు. బస్సు దొరకదేమోనని వెనక వరుసలు ఖాళీ అవుతాయి. ఆరుబయట పెట్టిన కార్యక్రమమైతే మామూలుగా రాత్రి 10 దాటాక మైకు మోగకూడదు. తీరా ఆ బడి పిల్లలు వేదికెక్కి తమ ఆట చూపించే వేళకు వాళ్ల అమ్మానాన్నలు తప్ప ఎవరూ ఉండరు.

విరాళం అడగాల్సిన క్షణం సరిగ్గా అదే. హాలు నిండా జనం ఉండగా, పిల్లల్ని చూసి మనసులు మెత్తబడ్డప్పుడు, రెండే రెండు నిమిషాల్లో సూటిగా అడగాలి. ఏం కావాలో, ఎంత కావాలో, ఎప్పటికి కావాలో చెప్పి అడగాలి. సీటు దగ్గరే కవరు గానీ, ఫోన్‌తో డబ్బు పంపే క్యూఆర్ కోడ్ గానీ ఉండాలి. ఆ కోడ్ సంస్థ పేరు మీద ఉన్న బ్యాంకు ఖాతాదై ఉండాలి సుమా! కార్యదర్శిగారి సొంత ఖాతాది కాదు.

ఎందుకో చెబితే ఎంతైనా...

1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చినప్పుడు ఆయన చేతిలో పెద్దగా ఏమీ లేదు. స్పెయిన్‌లోని బార్సిలోనాలో పుట్టిన ఆ మనిషి అంతకుముందు మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతుల కోసం పనిచేశారు. 1968లో దేశం విడిచి వెళ్లాలని ఆదేశాలొస్తే ఆయన కోసం 30 వేల మంది బొంబాయి దాకా దాదాపు 250 కిలోమీటర్లు నడిచారని చెబుతారు. మరుసటి ఏడాది తిరిగొచ్చి, ఎవరూ రావడానికి ఇష్టపడని జిల్లాను ఎంచుకున్నారు. అప్పటి ఖాళీ ఇంట్లో గోడ మీద 'అద్భుతం కోసం ఎదురుచూడు' అన్న అర్థం వచ్చే కాగితం కనిపించిందని ఆయనే చెప్పుకునేవారు. అద్భుతం కోసం ఆయన ఎదురుచూస్తూ కూర్చోలేదనుకోండి!

ఆయనా, ఆయన భార్య అన్నే ఫెర్రర్ నడిపిన సంస్థకు దన్నుగా నిలిచింది కోటీశ్వరులు కాదు. స్పెయిన్‌లోని మామూలు కుటుంబాలు. 1996లో అక్కడ ఒక ఫౌండేషన్ పెట్టారు. ఒక కుటుంబం నెలనెలా కొంత సొమ్ము పంపుతుంది. ఇక్కడ ఒక పిల్ల పేరు, ఫొటో ఆ ఇంటికి చేరతాయి. ఉత్తరాలు నడుస్తాయి. ఆ డబ్బు ఆ పిల్ల ఊరి మొత్తానికి ఉపయోగపడుతుంది. అలాంటి కుటుంబాల సంఖ్య లక్ష దాటింది. 'అనంతపురం జిల్లా పేదరిక నిర్మూలనకు విరాళమివ్వండి' అని అడిగి ఉంటే అంతమంది ఇచ్చేవారా? అనుమానమే. ఒక పేరు, ఒక ముఖం, నెలకింత... అంతే.

టెన్నిస్ రారాజు రఫెల్ నాదల్ పేరుతో 2010లో అనంతపురంలో మొదలైన టెన్నిస్ బడి కూడా అలాంటి కథే. పేదింటి పిల్లలకు ఆటతోపాటు చదువు, మంచి తిండి అని ఒక్క వాక్యంలో చెప్పేయొచ్చు దాన్ని. ఆ తర్వాతి కాలంలో స్పెయిన్ పరుగువీరులు వచ్చి ఇక్కడి రోడ్ల మీద 170 కిలోమీటర్ల అల్ట్రామారథాన్ పెట్టారు. రాత్రనక పగలనక సాగే ఆ పరుగుతో వచ్చిన నిధులు పల్లెల్లో ఇళ్లు కట్టడానికి. ఇన్ని కిలోమీటర్లు, ఇన్ని ఇళ్లు! దాతకు లెక్క కళ్లముందు కనిపిస్తుంది.

మనవైపు కార్యక్రమాల్లోనూ ఈ సూత్రం పాటించినవి ఉన్నాయి. 2025 ఫిబ్రవరి 15న విజయవాడలో ఎన్టీఆర్ ట్రస్టు తమన్‌తో పెట్టిన 'యుఫోరియా' సంగీత రాత్రిని గుర్తు తెచ్చుకోండి. 'సమాజ సేవ కోసం' అనలేదు. తలసీమియా బాధితుల కోసం అన్నారు. పదేపదే రక్తం ఎక్కించుకోవాల్సిన పిల్లల కోసం అంటే ఇంట్లో పిల్లలున్న ఎవరికైనా అర్థమవుతుంది.

కాయ ఇంటికొచ్చాకే అడగాలి

అనంతపురంలో ఇలాంటి కార్యక్రమం పెట్టేవాళ్లు ముందు పంచాంగం చూడరు. పొలం వైపు చూస్తారు. జూన్, జూలైల్లో వేరుశనగ విత్తనం పడుతుంది. అప్పుడు రైతు ఇంట్లో పైసా ఉండదు. ఆగస్టు, సెప్టెంబరుల్లో మబ్బుల వైపు చూపు. పంట చేతికొచ్చేది అక్టోబరు, నవంబరుల్లో. దాని మీదే ఊరి కిరాణా కొట్టు నుంచి పట్నంలో బట్టల షాపు దాకా అందరి బేరాలూ ఆధారపడి ఉంటాయి. 'కాయ ఇంటికొచ్చినాక రాప్పా' అని ఇక్కడివాళ్లు అనడంలో తప్పించుకునే ధోరణి లేదు. అది నిజాయతీ.

ఫిబ్రవరి, మార్చి పిల్లల పరీక్షలు. ఏప్రిల్ నుంచి ఎండలు. పెళ్లి ముహూర్తాలున్న రోజుల్లో హాలు అద్దె పేలిపోతుంది. వెరసి డిసెంబరు, జనవరి నెలలే అనువు. అందులోనూ జీతాలు పడ్డ మొదటి వారాంతం. ఇక పంట పోయిన ఏడాది? అలాంటప్పుడు కార్యక్రమాన్ని పల్లెకు తీసుకెళ్లకపోవడమే మర్యాద. పట్నంలోనూ, బెంగళూరు, హైదరాబాదుల్లో స్థిరపడ్డ సీమవాళ్ల దగ్గరా అడగాలి.

పాతకాలంలో కళ్లం దగ్గరే మేర కొలిచి ఇచ్చేవాళ్లు. కుమ్మరికి, కమ్మరికి, చాకలికి, గుడికి... ధాన్యం ఇంటికి చేరకముందే ఎవరి వాటా వాళ్లది. ఆ అలవాటు తెలిసినచోట డబ్బే అడగాలని ఏముంది? ఆశ్రమం వంటింటికి మూటెడు కాయలో, రాగులో ఇవ్వడానికి చాలామంది వెనకాడరు. నోటు తీసి ఇవ్వమంటేనే చెయ్యి ఆగుతుంది.

భోజనం పెట్టే సాయంత్రమైతే పన్నీరు బటర్ మసాలా కోసం పోటీ పడక్కర్లేదు. ఉగ్గాని-బజ్జీ, రాగి సంగటి, శెనక్కాయల చట్నీ, ఓళిగలు... ఊళ్లోని మహిళా సంఘంవాళ్లు చేసి పెడితే ఖర్చు తగ్గుతుంది, రుచీ పెరుగుతుంది. బెంగళూరు నుంచి వచ్చిన దాతలు ఆ సంగటి కోసమే మళ్లీ వస్తారు.

వేలంపాట... మనకు కొత్తా?

విదేశాల్లో నిధుల సేకరణ విందులంటే వేలం ఉండాల్సిందే. మనకది కొత్తేం కాదు. హైదరాబాద్ శివార్లలోని బాలాపూర్ గణేశుడి లడ్డూను 1994లో రూ.450కి పాడారు. 2025లో అది రూ.35 లక్షలు పలికింది! ఆ డబ్బు ఊరి అభివృద్ధికి వాడతారన్న పేరుంది. ఎవరు పాడారు, ఎంతకు పాడారు అన్నది పేపర్లలో వస్తుంది. భక్తి, పరువు, పోటీ, నమ్మకం అన్నీ కలిస్తేనే ఆ అంకె.

అనంత సీమలో వేలానికి పెట్టడానికి వస్తువులకేం తక్కువ? ధర్మవరం పట్టుచీర ఉంది. నిమ్మలకుంట తోలుబొమ్మలున్నాయి. అవే కళాకారులు ఇప్పుడు తోలుతో చేస్తున్న లాంతరు దీపాలున్నాయి. మగ్గం నేసిన మనిషినే వేదిక మీదికి పిలిచి, ఆ చీరకు ఎన్ని రోజులు పట్టిందో రెండు మాటల్లో చెప్పిస్తే వేలం పాడేవాళ్లకు ఊపొస్తుంది. ఒక షరతు... చీరకు తగిన ధర నేతగాడికి ముందే ఇచ్చెయ్యాలి. పేదవాడి దగ్గర ఊరికే తీసుకుని ఇంకో పేదవాడికి పెట్టడం దానం కాదు.

లక్కీ డ్రా మాత్రం వద్దు. 'వంద రూపాయల టికెట్టు కొనండి, స్కూటీ గెలవండి' అంటే అది లాటరీ అవుతుంది. చట్టం ఒప్పుకోదు. ఎంత మంచి పనికైనా సరే.

చార్లీ పార్కర్లు కాదు, చార్టెడ్ అకౌంటెంట్లు!

1971 ఆగస్టు 1. న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్. బంగ్లాదేశ్ శరణార్థుల గోడు విని పండిట్ రవిశంకర్ తన మిత్రుడు జార్జ్ హారిసన్‌ను సాయం అడిగారు. ఒకే రోజు రెండు కచేరీలు. దాదాపు 40 వేల మంది వచ్చారు. ప్రపంచ ప్రఖ్యాత సహాయార్థ కచేరీల్లో అది మొదటి వరసలో నిలుస్తుంది. టికెట్ల మీద వచ్చిన 2.43 లక్షల డాలర్లు యూనిసెఫ్‌కు చేరాయి. అంతవరకు బాగానే ఉంది. అసలు పెద్ద మొత్తం రికార్డులు, సినిమా మీద వచ్చింది. అదే చిక్కుల్లో పడింది. పన్ను మినహాయింపు కోసం ముందుగా కాగితాలు పెట్టుకోలేదన్న కారణంతో అమెరికా పన్నుల శాఖ దాన్ని పట్టుకుంది. ఏళ్ల తరబడి, దాదాపు దశాబ్దం పాటు, కోట్ల సొమ్ము ఆగిపోయింది. ఆకలితో ఉన్న పిల్లల కోసం పాడిన పాటల డబ్బు ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యేదాకా రాలేదన్నమాట.

బీటిల్స్ అంతటివాళ్లకే అలా అయితే మన వీధి చివరి సంస్థ మాటేమిటి? అందుకే కమిటీలో పాటలు తెలిసినవాళ్లతోపాటు లెక్కలు తెలిసినవాళ్లు ఒకరు తప్పనిసరి. సంస్థ రిజిస్ట్రేషను, పాన్ కార్డు, ఆదాయపు పన్ను శాఖ గుర్తింపు సరిగా ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. అందరూ ఎయిటీ జీ అని పిలిచే పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్న దాతలకే వర్తిస్తుంది. 2017 నుంచి రూ.2 వేలకు మించి నగదు రూపంలో ఇచ్చిన విరాళానికి ఆ మినహాయింపు లేదు. కాబట్టి పెద్ద మొత్తాలు చెక్కుగానో బ్యాంకు ద్వారానో తీసుకోవడమే దాతకూ సంస్థకూ క్షేమం. టికెట్టు కొనడం, విరాళమివ్వడం ఒకటి కాదని కూడా గుర్తుంచుకోవాలి. పాట విని, భోజనం చేసినందుకు ఇచ్చింది ఒక పుస్తకంలో, ఏమీ ఆశించకుండా ఇచ్చింది ఇంకో పుస్తకంలో రాసుకోవాలి. పోలీసు అనుమతి సరే, సినిమా పాటలు పాడించేటప్పుడు హక్కుల సంస్థ ఐపీఆర్ఎస్ లైసెన్సు అవసరమన్న సంగతి చాలామందికి నోటీసు వచ్చేదాకా తెలియదు.

అమెరికాలో ఉన్న అల్లుడు, ఆస్ట్రేలియాలో ఉన్న మేనకోడలు డబ్బు పంపుతామంటే సంతోషమే. అయితే వాళ్ల చేతిలో ఏ దేశపు పాస్‌పోర్టు ఉందో అడగాలి. భారత పాస్‌పోర్టుతో ఉన్నవాళ్లు తమ సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు, వాళ్ల దగ్గర ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపితే విదేశీ విరాళమే. దానికి కేంద్ర హోంశాఖ అనుమతి కావాలి. 2021 నుంచి ఆ సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. ఆ అనుమతి లేని సంస్థ ఐదు డాలర్లు తీసుకున్నా ఇబ్బందే.

ఈ అనుమతి ఎంత పెద్ద సంగతో అనంతపురానికి చెప్పక్కర్లేదు. 2025లో ఆర్డీటీ విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరణకు చిక్కులొచ్చినప్పుడు జనం రోడ్డెక్కారు. ర్యాలీలు తీశారు, దీక్షలు చేశారు. కొడుకు పుట్టింది బత్తలపల్లి ఆసుపత్రిలో అని ఒకరు, చదువుకుంది వాళ్ల సాయంతోనే అని ఇంకొకరు. ఐదారు దశాబ్దాలుగా నడిచిన పెద్ద సంస్థకే ఆ పరిస్థితి ఎదురైందంటే, ఊళ్లోని చిన్న ఆశ్రమాలు, బళ్లు పరాయి దేశపు డబ్బు మీదే ఆశ పెట్టుకోవడం కుదరదు. పల్లెటూళ్ల ఇళ్లలోని ఆ చిన్న హుండీకి విలువ అక్కడే పెరుగుతుంది.

మర్నాడు ఉదయం

కార్యక్రమం అయిపోయింది. కుర్చీలు లారీ ఎక్కాయి. చాలా కమిటీలు అక్కడితో చేతులు దులుపుకుంటాయి. అసలు పని అప్పుడే మొదలవుతుంది. వారం లోపు దాతలందరికీ రసీదు వెళ్లాలి. పది రూపాయలిచ్చినవాళ్లకు కూడా. నెల లోపు లెక్క బయటపెట్టాలి. వచ్చింది ఇంత, ఖర్చు ఇంత, మిగిలింది ఇంత అని ఒక్క కాగితం మీద రాసి నోటీసు బోర్డుకు అంటిస్తే చాలు. ఖర్చు ఎక్కువైతే అదీ దాచక్కర్లేదు. మూడు నెలలయ్యాక, ఆ డబ్బుతో కొన్న వస్తువు ఫొటోతో ఒక ఉత్తరమో, ఫోన్‌లో ఒక మెసేజో వెళ్లాలి. మరుసటి ఏడాది టికెట్లు అమ్మిపెట్టేది ఆ మెసేజే.

జర్నలిజం డిప్లొమా చదివే రోజుల్లో ఒక సంస్థ కోసం నేనూ టికెట్లు అమ్మాను. ఒక పాప గుండె ఆపరేషన్ కోసమని చెప్పారు. మా వీధిలో ఇల్లిల్లూ తిరిగాను. మా పక్కసందులో ఒకావిడ ఉండేది. పూలు కట్టి అమ్ముకునేది. పాటల కార్యక్రమానికి తను రాలేనని చెప్పి, టికెట్టు అక్కర్లేదంటూనే కొంగుముడి విప్పి యాభై రూపాయలు ఇచ్చింది. కార్యక్రమం బ్రహ్మాండంగా జరిగింది. పేపర్లో ఫొటో కూడా వచ్చింది.

ఏడాది తర్వాత బస్టాండు దగ్గర కనిపించింది. పూలబుట్ట కింద పెట్టి పలకరించింది.

"ఏం నాయనా, ఆ పాపకు ఆపరేషన్ అయిందా? బాగుండాదా?"

నాకు తెలియదు. సంస్థవాళ్లను అడిగాను. వాళ్లకూ సరిగా తెలియలేదు. డబ్బు 'జనరల్ ఫండ్'లో కలిసిందన్నారు. ఆమెకు ఏం చెప్పాలో తోచక చాలా రోజులు ఆ సందులోంచి కాకుండా చుట్టూ తిరిగి ఇంటికెళ్లేవాణ్ని.